ఎక్కడ తప్పుకోవాలో ముందే రాసుకోండి

"అన్నా, ఏ ఇండికేటర్ మంచిగ పనిచేస్తది?"

మొయినాబాద్ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివే పిల్లలు, చేవెళ్ల నుంచి రోజూ గచ్చిబౌలికి ఉద్యోగానికి వెళ్లొచ్చే కుర్రాళ్లు షేర్ మార్కెట్ నేర్చుకుందామనుకున్న రోజు అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఆర్ఎస్ఐ చూడాలా, ఎంఏసీడీ చూడాలా, సూపర్ ట్రెండ్ పెట్టుకోవాలా అని. ఆ ఉత్సాహం నాకు ఇష్టమే. కానీ ఈ ప్రశ్నతో బయల్దేరినవాళ్లలో ఎక్కువమంది కొన్ని నెలల్లో స్క్రీన్ నిండా గీతలు నింపుకుని, ఖాతా ఖాళీ చేసుకుని కూర్చుంటారు. టెక్నికల్ అనాలిసిస్ నేర్చుకునేవారు ముందు పట్టుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది: నేను కొన్నది తప్పయితే ఏ ధర దగ్గర బయటపడతాను, అప్పటికి నా జేబులోంచి ఎంత పోతుంది? దీనికి జవాబు అంకెల్లో చెప్పలేని రోజు కొనొద్దు. ఈ అధ్యాయంలో చార్టు చదవడం కూడా చెబుతాను, కానీ అదంతా ఈ జవాబు కోసమే.

ముందు మనకు తెలిసిన సరుకుతో చార్టును అర్థం చేసుకుందాం. చేవెళ్ల కూరగాయల మార్కెట్‌లో టమాటా బాక్సు లెక్కన అమ్ముడవుతుంది. ఒకరోజు పొద్దున మొదటి బాక్సు 300కు తెగిందనుకోండి. నగరం నుంచి కొనేవాళ్లు ఎక్కువగా వచ్చారు, ధర 380 దాకా లేచింది. అంతలో ఊళ్ల నుంచి ఆటోలు వరసగా దిగాయి, 260కి జారింది. చివరి బాక్సులు 340కి పోయాయి. ఆ రోజు జరిగిన బేరసారాలన్నిటినీ ఈ నాలుగు అంకెల్లో చెప్పేయొచ్చు: మొదటి ధర, గరిష్ఠం, కనిష్ఠం, చివరి ధర. కాగితం మీద 300 నుంచి 340 వరకు ఒక చిన్న డబ్బా గీయండి. మొదటి ధర కంటే చివరి ధర ఎక్కువ కాబట్టి దానికి పచ్చరంగు వేయండి. డబ్బా పైనుంచి 380 దాకా ఒక గీత, కింద నుంచి 260 దాకా ఇంకో గీత లాగండి. మీరు గీసినదే క్యాండిల్.

ఇప్పుడు ఆ పై గీతను కాస్త నిదానంగా చూడండి. 380కి కొన్నవాళ్లు ఉన్నారు. కానీ ఆ ధర నిలబడలేదు, చివరికి 340 దగ్గర ఆగింది. అంటే 380 దగ్గర అమ్మేవాళ్ల బలం కొనేవాళ్ల బలాన్ని మించింది. రేపు ధర మళ్లీ 380కి వస్తే ఇవాళ అక్కడ అమ్మలేకపోయిన రైతు ఏం చేస్తాడు? ఈసారి వదలకుండా అమ్మేస్తాడు. 380కి కొని నష్టంలో ఉన్న వ్యాపారి ఏం చేస్తాడు? అసలు వస్తే చాలని వదిలించుకుంటాడు. చార్టుల్లో రెసిస్టెన్స్ అనేది ఇలాగే పుడుతుంది. సపోర్ట్ దీనికి తిరగేసినది: 260 దగ్గర కొనలేకపోయినవాళ్లు మళ్లీ ఆ ధర కోసం కాచుకుని ఉంటారు. గీత వెనక మనిషి జ్ఞాపకం ఉంది, అందుకే అది కొంతకాలం పనిచేస్తుంది. కొత్త కబురు వచ్చి ఆ జ్ఞాపకానికి విలువ లేకుండా పోయిన రోజు పనిచేయదు.

డీమ్యాట్ ఖాతా తెరవకముందే చేయాల్సిన అభ్యాసం ఒకటి చెబుతాను. ఒక నెలపాటు టమాటాకో, మీ ఇంట్లో పండించే మరో పంటకో రోజూ ఈ నాలుగు ధరలూ కనుక్కుని గళ్ల కాగితం మీద క్యాండిళ్లు గీయండి. ప్రతి క్యాండిల్ కింద ఆ రోజు సరుకు ఎంత వచ్చిందో రాయండి, అది వాల్యూమ్. ఎందుకు పెరిగింది, ఎందుకు తగ్గింది అనేది మీకు ముందే తెలుసు: వాన పడింది, పెళ్లిళ్లు ఉన్నాయి, పక్క జిల్లా సరుకు దిగింది. కారణం తెలిసిన చార్టును కళ్లారా చూసిన తర్వాతే కారణం తెలియని చార్టును చూడాలి. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటిన టమాటా సెప్టెంబరుకల్లా కూలి ఖర్చులు కూడా రాని ధరకు ఎలా పడిపోయిందో మన రైతులకు గుర్తుండే ఉంటుంది. జూలై ధర చూసి ఎన్ని ఊళ్లలో ఎందరు నారు పోశారో తలుచుకోండి. పెరిగిన ధర వెనక పరుగెత్తడమంటే ఏమిటో ఏ ట్రేడింగ్ పుస్తకమూ ఇంతకంటే బాగా చెప్పలేదు.

ఈ విద్య పుట్టింది కూడా పంటల బజారులోనే. జపాన్‌లోని ఒసాకాలో దోజిమా బియ్యపు మార్కెట్‌ను 1730లో అక్కడి ప్రభుత్వం అధికారికంగా గుర్తించింది. ఆ 18వ శతాబ్దంలోనే సకాతా రేవు పట్టణానికి చెందిన హొమ్మా మునెహిసా అనే బియ్యం వ్యాపారి ధరల నడకతో పాటు వ్యాపారుల మనసుల నడకనూ గమనించి రాసుకున్నాడని, క్యాండిల్ పద్ధతికి మూలం ఆయనేనని చెప్పుకుంటారు. అమెరికన్ రచయిత స్టీవ్ నీసన్ 1991లో ఆంగ్లంలో పుస్తకం వేశాకే పాశ్చాత్య ట్రేడర్లు వీటిని విరివిగా వాడటం మొదలుపెట్టారు.

ఇక షేర్ల చార్టుకు వద్దాం. మార్కెట్ పొద్దున 9:15కి తెరిచి మధ్యాహ్నం 3:30కి మూస్తారు. ఆ వేళల్లో మీరు క్లాసులోనో ఆఫీసులోనో పొలంలోనో ఉంటారు. కాబట్టి ఐదు నిమిషాల చార్టు మీకోసం కాదు. రోజుకు ఒక క్యాండిల్ ఉండే డైలీ చార్టు చాలు, సాయంత్రం అరగంట కూర్చుంటే సరిపోతుంది. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ప్రతి సాయంత్రం భావ్‌కాపీ పేరుతో అన్ని షేర్ల ధరలూ వాల్యూమ్‌తో సహా ఉచితంగా పెడుతుంది. డబ్బు కట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్ ఏదీ మొదటి ఏడాదిలో మీకు అక్కర్లేదు.

చార్టు తెరవగానే ఒకటి సరిచూసుకోండి. 2024 అక్టోబరు 28న మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ ఐదు రూపాయల ముఖవిలువ షేరును ఒక్కో రూపాయి షేర్లు ఐదుగా విభజించింది. 6,000 పైన ఉన్న ధర ఆ రోజు 1,300 చిల్లరకు మారింది. షేర్లు ఐదింతలయ్యాయి కాబట్టి ఎవరికీ నష్టం లేదు. కానీ పాత ధరలను సవరించని చార్టులో అది ఎనభై శాతం కుప్పకూలినట్టు కనిపిస్తుంది. బోనస్, స్ప్లిట్ సవరణలు జరిగిన చార్టే చూస్తున్నానా అని అడగకుండా ఏ షేరు గురించీ మాట్లాడొద్దు.

ఇండికేటర్ల గురించి తొందరగానే చెప్పేస్తాను, ఎందుకంటే వాటిలో ఉన్నది కొంచెమే. 50 రోజుల మూవింగ్ యావరేజ్ అంటే గడిచిన 50 రోజుల చివరి ధరల సగటు, అంతే. ధర దాని పైన ఉంటే ఇటీవల కొన్నవాళ్లు సగటున లాభంలో ఉన్నారన్నమాట. 200 రోజులది అదే లెక్క, ఇంకాస్త పెద్ద కాలానికి. ఆర్ఎస్ఐని వెల్స్ వైల్డర్ అనే అమెరికన్ 1978లో తన పుస్తకం ద్వారా పరిచయం చేశాడు. ఆయన మెకానికల్ ఇంజినీరు, తర్వాత రియల్ ఎస్టేట్ వ్యాపారి, మొయినాబాద్‌కు బాగా పరిచయమున్న రెండు వృత్తులు. గడిచిన 14 రోజుల్లో పెరిగిన రోజుల సగటు లాభాన్ని తగ్గిన రోజుల సగటు నష్టంతో పోల్చి, 0 నుంచి 100 మధ్య ఒక అంకెగా చూపిస్తుందది. 70 దాటితే అమ్మాలి, 30 కిందికి వస్తే కొనాలి అని అందరూ బట్టీ పడతారు. అలా చేయకండి. గట్టిగా పెరిగే షేరులో ఆర్ఎస్ఐ వారాల తరబడి 70 పైనే ఉంటుంది, మునిగిపోయే షేరులో 30 కిందే పడి ఉంటుంది. ఇవన్నీ జరిగిపోయిన ధరల నుంచి తీసిన అంకెలు. ధరలో లేని కబురు వీటిలో దేనికీ తెలియదు.

2024 జూన్ చూడండి. ఆంధ్రప్రదేశ్ ఎన్నికల్లో తెలుగుదేశం గెలవడంతో చంద్రబాబు నాయుడు స్థాపించిన హెరిటేజ్ ఫుడ్స్ షేరు వారం రోజుల్లోనే సగానికి పైగా పెరిగింది. వరసగా పచ్చ క్యాండిళ్లు, కొండంత వాల్యూమ్, ఆర్ఎస్ఐ ఆకాశంలో. చార్టు చూసిన ప్రతి కొత్తవాడికీ చేయి దురద పెట్టిన రోజులవి. 2025 మొదట్లోకి వచ్చేసరికి ఆ షేరు అప్పుడు పెరిగినదాంట్లో చాలా భాగం పోగొట్టుకుంది. కంపెనీ మంచిదా కాదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఐదో రోజున కొన్నవారికి స్టాప్ లాస్, అంటే తప్పయితే అమ్మేసి బయటపడే ధర, ఎక్కడ పెట్టుకోవాలో చార్టులో దగ్గరలో చోటే లేదు, దిగువన ఉన్న సపోర్ట్ ఎన్నో మెట్ల కింద ఉంది. తప్పుకునే చోటు అంత దూరంలో ఉంటే ఆ షేరు ఎంత అందంగా కనిపించినా ఆ రోజు వదిలేయాల్సిందే.

ఇప్పుడు అసలు లెక్క. పెన్ను తీసుకుని నాతోపాటు రాయండి.

మీ దగ్గర ట్రేడింగ్ కోసం లక్ష రూపాయలు ఉన్నాయి. ఒక్క ట్రేడ్‌లో పోగొట్టుకోగలిగేది ఒక శాతం, అంటే 1,000 రూపాయలు అని నిర్ణయించుకున్నారు. ఒక షేరు 420 దగ్గర ఉంది. గడిచిన రెండు నెలల్లో అది మూడుసార్లు 400 దాకా తగ్గి పైకి లేచింది. 400 సపోర్ట్ అన్నమాట. సరిగ్గా 400 దగ్గర స్టాప్ పెడితే మామూలు ఊగిసలాటకే తగిలేస్తుంది కాబట్టి కాస్త కింద, 396 దగ్గర పెట్టారు. 420లోంచి 396 తీసేస్తే 24. ఒక్కో షేరు మీద మీ నష్టభయం 24 రూపాయలు. 1,000ని 24తో భాగిస్తే 41. అంటే కొనాల్సింది 41 షేర్లు, పెట్టుబడి 17,220 రూపాయలు. స్టాప్ తగిలితే పోయేది 984 రూపాయలు, దాని మీద ఖర్చులు. లక్ష ఉంది కదా అని 238 షేర్లు కొని ఉంటే అదే స్టాప్ దగ్గర 5,712 పోయేది.

ఎన్ని షేర్లు కొనాలన్నది స్టాప్ చెప్పింది చూశారా? నమ్మకమో, చిలుకూరు బాలాజీ మొక్కో చెప్పలేదు. మొక్కుకోవడం మానమని అనను, వీసాకైనా పరీక్షకైనా భక్తి మీది. షేర్ల సంఖ్య మాత్రం భాగహారం లెక్క.

ఒక శాతమే ఎందుకని అడుగుతారు. వరసగా పది ట్రేడ్‌లు తప్పడం కొత్తవారికే కాదు, ఆరితేరినవారికీ మామూలే. ప్రతిసారీ ఉన్నదాంట్లో ఒక శాతం పోతే పది దెబ్బల తర్వాత లక్షలో 90,000 పైచిలుకు మిగులుతుంది. ప్రతిసారీ పది శాతం పోతే మిగిలేది 35,000 కంటే తక్కువ. అక్కడి నుంచి మళ్లీ లక్ష కావాలంటే డబ్బు దాదాపు మూడింతలు కావాలి. మొదటి మనిషి నేర్చుకోవడం కొనసాగిస్తాడు. రెండో మనిషి అప్పు కోసం తిరుగుతాడు.

ఇంకో వైపు నుంచి చూడండి. స్టాప్ 24 రూపాయల దూరంలో ఉంటే, కనీసం 48 రూపాయలు పెరిగే చోటు, అంటే 468 దాకా అడ్డం లేకపోతేనే ఆ ట్రేడ్ చేస్తామని నియమం పెట్టుకున్నారు. పదింట్లో ఆరు తప్పాయి, ఆరు వేలు పోయింది. నాలుగు ఒప్పయ్యాయి, ఎనిమిది వేలు వచ్చింది. సగం కంటే ఎక్కువసార్లు తప్పయినా, ఖర్చులు పోను కాస్త మిగిలింది. అందుకే "ఈ స్ట్రాటజీ 90 శాతం కరెక్ట్" అని ఎవరైనా అంటే, ఒప్పయినప్పుడు ఎంత వస్తుంది, తప్పయినప్పుడు ఎంత పోతుంది అని తిరిగి అడగండి. డెలివరీలో, అంటే అదేరోజు వదిలించుకోకుండా ఖాతాలో ఉంచుకునే షేర్లకు, కొన్నప్పుడు, అమ్మినప్పుడు 0.1 శాతం చొప్పున సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ ట్యాక్స్ ఉంది. ఏడాదిలోపు అమ్మితే వచ్చిన లాభం మీద 2024 జూలై 23 నుంచి 20 శాతం పన్ను. బ్రోకరేజీ, ఇతర రుసుములు వేరే. ఇవన్నీ రాసుకున్నాకే లాభం అనే మాట వాడాలి.

స్టాప్ లాస్ పెట్టాను కదా, ఇక భద్రం అనుకునేవారికి మన నగరమే పెద్ద పాఠం నేర్పింది. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మెయ్‌టాస్ కంపెనీలను కొంటామని ప్రకటించి, ఇన్వెస్టర్లు మండిపడటంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. ఆ రాత్రి న్యూయార్క్‌లో సత్యం ఏడీఆర్ (అక్కడ ట్రేడయ్యే ఆ కంపెనీ షేరు రూపం) సగానికి పైగా పడింది. ముంబైలో 226 దగ్గర ముగిసిన షేరు మర్నాడు 30 శాతం పోయి 158 దగ్గర ఆగింది. 215 దగ్గర స్టాప్ పెట్టుకున్నవారికి మర్నాడు పొద్దున 215కి కొనేవాడు దొరకలేదు. చార్టులో రెండు క్యాండిళ్ల మధ్య కనిపించే ఆ ఖాళీనే గ్యాప్ అంటారు. డిసెంబరు నెలాఖరులో ఇంకా తగ్గిన షేరు మళ్లీ లేచి, జనవరి 6 నాటికి 179కి చేరింది. కేవలం చార్టు చూసేవారికి అది కోలుకుంటున్న షేరు. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ బయటికొచ్చింది, ఖాతాల్లో వేల కోట్లు లేనే లేవని. ఆ రోజు షేరు 40 దగ్గర ముగిసింది. ఒక్కరోజులో ముప్పాతిక వంతుకు పైగా ఆవిరి.

ఫార్మా కంపెనీలు ఎక్కువగా ఉన్న ఊరు మనది, వాటిలో ఈ గ్యాప్‌లు ఇంకా తరచు. 2017 మార్చి 21న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరికతో దివీస్ షేరు ఒక్కరోజే ఐదో వంతు పడింది. స్టాప్ లాస్ మామూలు రోజుల్లో కాపాడుతుంది. గ్యాప్ రోజున కాపాడేది మీరు తక్కువ షేర్లు కొని ఉండటమే. పై ఉదాహరణలో మీ దగ్గర ఉన్న సరుకు 17,220. సత్యంలాంటి దెబ్బే తగిలినా పోయేది 13,000 చిల్లర, లక్షలో 86,000 నిలుస్తుంది. ఒకే షేరులో మొత్తం డబ్బు పెట్టొద్దనేది ఇందుకే.

ఇప్పుడు ఎఫ్ అండ్ ఓ, అంటే ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ సంగతి. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడను. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్ల లెక్కలు తీసి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో నివేదిక ఇచ్చింది. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది, సగటున మనిషికి దాదాపు రెండు లక్షలు. ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి లాభం చూసినవారు ఒక్క శాతమే. 2023-24లో వీళ్లలో ముప్ఫై ఏళ్లలోపువారు 43 శాతం. నాలుగింట మూడు వంతులమంది ఏడాదికి ఐదు లక్షల లోపు ఆదాయం చూపినవారే. ఈ అంకెల వెనక ఉన్న ముఖాలు మన చేవెళ్ల బస్సులో మనతోపాటే ప్రయాణిస్తున్నాయి. లోక్‌సభ ఫలితాల వారంలో నిఫ్టీ ఎలా కదిలిందో చూడండి: 2024 జూన్ 3న మూడు శాతం పైన లేచి 23,264, జూన్ 4న దాదాపు ఆరు శాతం పడి 21,884, జూన్ 7న మళ్లీ 23,290. షేర్లు డెలివరీ తీసుకుని కూర్చున్నవాడికి ఆ వారం ఏమీ జరగలేదు. ఆప్షన్లలో ఉన్నవాడు పైకి పందెం కాసినా, కిందికి కాసినా తుడిచిపెట్టుకుపోయే వీలుంది. మొదటి రెండేళ్లు అటు వెళ్లొద్దు. ఆ తర్వాత కూడా మీ నోటుబుక్కు లాభం చూపిస్తేనే ఆలోచించండి.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన ప్రమాదం ఇంకొకటి ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల పరీవాహకంలోని 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో వచ్చిన జీవో 111, దాన్ని ఎత్తేస్తామన్న మాటలు, బీజాపూర్ రోడ్డు విస్తరణ, వీటి చుట్టూ భూముల ధరలు ఎలా ఎగిరాయో చెప్పక్కర్లేదు. కొన్ని గుంటలు అమ్మితేనే ఇంట్లోకి పెద్ద మొత్తం వస్తుంది. తాతలనాటి భూమి అమ్మిన పైసలు కొడుకు ఫోన్‌లోని ట్రేడింగ్ యాప్‌లోకి ఎక్కడం నాకు భయం కలిగిస్తుంది. ఆ డబ్బుతో నేర్చుకోకండి. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి, మీ సొంత సంపాదనలోంచి తీసిన చిన్న మొత్తంతో మొదలుపెట్టండి. చెల్లి పెళ్లికో, ఫీజుకో దాచింది ముట్టుకోవద్దు.

నోటుబుక్కు అన్నాను. 200 పేజీల మామూలు పుస్తకం కొనండి. కొనే ముందే ఒక పేజీ రాయాలి: షేరు పేరు, తేదీ, కొనే ధర, స్టాప్, అక్కడే ఎందుకు, లక్ష్యం, షేర్ల సంఖ్య, పోయే మొత్తం. చార్టు చేత్తో గీయండి, ప్రింటు తీయొద్దు. గీసేటప్పుడే సపోర్ట్ నిజంగా ఉందా, మీరు ఉందనుకుంటున్నారా అన్నది బయటపడుతుంది. అమ్మాక కింద మూడు లైన్లు: ఏ ధరకు అమ్మాను, నియమం పాటించానా, పాటించకపోతే ఆ క్షణంలో మనసులో ఏముంది. స్టాప్‌ను ఇంకా కిందికి జరిపిన ప్రతిసారీ ఎర్ర పెన్నుతో రాయండి. మొదటి ముప్పై పేజీలు డబ్బు పెట్టకుండా కాగితం మీదే నడపండి. తర్వాతి ముప్పై ఒక్కో షేరుతో. ఇంతలో మిత్రుడెవరో వారంలో డబ్బు రెట్టింపు చేశానని స్క్రీన్‌షాట్ పంపుతాడు. అతని నష్టాల పేజీలు చూపించమని అడగండి.

ఎవరి దగ్గర నేర్చుకోవాలి? సెబీ స్థాపించిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెక్యూరిటీస్ మార్కెట్స్ ద్వారా ఇన్వెస్టర్ల కోసం ఉచిత పరీక్ష ఉంది, ముందు అది రాయండి. కోచింగ్‌లో చేరేటప్పుడు ఒక్క విషయం గమనిస్తే చాలు. పాఠాల పేరుతో చెప్పేవారు గడిచిన మూడు నెలల ధరలను వాడి ఏ షేరు గురించీ చెప్పకూడదని సెబీ 2025 జనవరిలో స్పష్టం చేసింది. "ఇవాళ లైవ్ మార్కెట్‌లో కాల్ ఇస్తాం" అనేవారు సెబీ రిజిస్ట్రేషన్ ఉన్న సలహాదారో, రిసెర్చ్ అనలిస్టో అయి ఉండాలి. ఆ నంబరు అడిగి సెబీ వెబ్‌సైట్‌లో మీరే సరిచూసుకోండి. ఫీజు కట్టాక చూద్దాంలే అనుకోవద్దు.

వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో చేర్చి, దొంగ యాప్‌లో లాభం పెరుగుతున్నట్టు చూపించి, తీసుకోబోతే పన్ను కట్టమనేవాళ్లు విద్యావంతులను కూడా వలలో వేస్తున్నారు. నిజమైన బ్రోకర్‌కు డబ్బు వ్యక్తుల ఖాతాల ద్వారా వెళ్లదు. 2025 అక్టోబరు నుంచి సెబీ దగ్గర నమోదైన బ్రోకర్ల కోసం ప్రత్యేక యూపీఐ ఐడీలు వచ్చాయి. వాటిలో బీఆర్‌కే అనే అక్షరాలు, ఆ తర్వాత వ్యాలిడ్ అనే మాట, బ్యాంకు పేరు ఉంటాయి. చెల్లించేటప్పుడు పచ్చని త్రికోణంలో బొటనవేలి గుర్తు కనిపిస్తుంది. అది లేని చోట డబ్బు పంపొద్దు. ఇప్పటికే పంపి ఉంటే సిగ్గుపడి ఇంట్లో దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే చెబితే ఆపించే వీలు ఎక్కువ.